అర మార్కు

1987లో త్రైమాసిక పరీక్షల పేపర్లు దిద్దుతూ, తొమ్మిదో తరగతి పిల్లవాని బిట్ పేపరు మీద ఎర్ర పెన్నుతో ఒక అడ్డగీత కొట్టాను. దాని విలువ అర మార్కు. ముప్పై ఆరేళ్ళు ఆ గీత నాకు గుర్తు లేదు. గుర్తొచ్చిన రోజు నుంచి మరిచిపోవడం చేతకావడం లేదు. ఇంట్లో కూడా పూర్తిగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మాది కడప జిల్లా, ఎర్రగుంట్ల దగ్గర ఒక పల్లె. బీఈడీ అయినాక సోషల్ అయ్యవారిగా ఉద్యోగం వచ్చింది కర్నూలు జిల్లాలో, పత్తికొండకూ గుత్తికీ నడుమ ఉన్న ఒక హైస్కూల్లో. ఆ పరీక్షల నాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. చరిత్ర అంటే ప్రాణం. ఆ మాట ఇప్పటికీ నిజమే. మొదటి జీతాల్లో మిగిలిన డబ్బుతో అజంతా పోయి వచ్చాను. ఆ తర్వాత ఏ ఎండాకాలం సెలవులూ ఇంటిపట్టున గడపలేదు. హంపి, సాంచి, సారనాథ్, కలకత్తా ఇండియన్ మ్యూజియం, మద్రాసు ఎగ్మోరు మ్యూజియం అన్నీ తిరిగాను. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికి పిల్లల్ని రెండుసార్లు బస్సు కట్టి తీసుకుపోయాను. పన్నెండు కొట్టే వేళకు గడియారం ముందు అందరినీ వరసగా కూర్చోబెట్టి, ఆ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టేదాకా ఊపిరి బిగబట్టి చూశాం.

సారనాథ్‌లో నాలుగు సింహాల ముందు నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాణ్ణి నేను. తరగతిలో అశోకుడి పాఠం వచ్చిందంటే పూనకం వచ్చినట్టు చెప్పేవాణ్ణి. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చిపోయారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని ఆ రాజే రాతిమీద చెక్కించి ఒప్పుకున్నాడు. గెలిచిన రాజు తన గెలుపును చూసి దుఃఖపడి, ఆ దుఃఖాన్ని ఊరూరా బండలకెక్కించాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు నా గొంతు మారేది. ప్రిన్సెప్ 1837లో బ్రాహ్మీ లిపిని చదవగలిగాడని, 1915లో రాయచూరు సీమ మస్కిలో దొరికిన శాసనంలో అశోకుడన్న పేరే ఉండబట్టి శాసనాల్లోని దేవానాంప్రియుడు ఎవరో స్థిరపడిందని నోట్సు రాయించేవాణ్ణి. శాసనాలున్న చోట్లు వరసగా వల్లె వేయించేవాణ్ణి: గిర్నార్, ధౌళి, జౌగడ, కాల్సి, మాన్‌సెహ్రా, షాబాజ్‌గఢీ, సోపారా, ఎర్రగుడి. పిల్లలు కళ్ళు మూసుకుని పాడినట్టు అప్పజెప్పేవాళ్ళు.

ఆ పరీక్షలో ఖాళీలు పూరించే ప్రశ్న ఒకటి ఉంది. కర్నూలు జిల్లాలో అశోకుని శిలాశాసనం గల ప్రదేశం ఏది? జవాబు ఎర్రగుడి. తరగతిలో చాలామంది రాశారు. ఒక్క పిల్లవాడు మాత్రం ఆ చిన్న ఖాళీలో పట్టక, పక్కకు కూడా పాకించి, ఇట్లా రాశాడు: జొన్నగిరి పక్కన ఏనకొండ.

నేను అడ్డగీత కొట్టాను.

పేపర్లు ఇచ్చిన రోజు వాడు బల్ల దగ్గరికి వచ్చాడు. పేరు ఇక్కడ రాయను. జొన్నగిరి వైపు పల్లె వాడు, రోజూ సైకిలు మీద వచ్చేవాడు. మాటకు ముందు చెయ్యి కట్టుకునే పిల్లవాడు.

"సార్, ఇది రైటే సార్. ఆ రాళ్ళు మా ఊరి కాడే ఉండాయి. మా జేజినాయన చూపిచ్చినాడు. అవి అశోక మహారాజు రాతలంట."

వాళ్ళ జేజినాయన గొర్రెలు కాసే మనిషి. అది నాకు తెలుసు. ఆ ముసలాయన ఒకసారి ఫీజు కట్టడానికి గొంగడి భుజాన వేసుకుని వచ్చి, హెడ్మాస్టరు గది బయట ఎండలో చాలాసేపు నిలబడ్డాడు. ఆయన్ను తలుచుకునే నేను ఆ మాట అన్నాను.

"పుస్తకం రాసినవాళ్ళకు తెలియంది మీ జేజినాయనకు తెలిసిందా? ఎర్రగుడి అని అచ్చులో ఉంటే జొన్నగిరి అంటావేమిరా? తెలియకపోతే ఖాళీ వదిలెయ్యి. సొంతంగా కల్పించి రాయొద్దు."

తరగతి అంతా నవ్వింది. నేను నవ్వలేదు కానీ వాళ్ళను ఆపనూ లేదు.

వాడు అంతటితో ఊరుకుని ఉంటే నా తప్పు కొంత చిన్నదయ్యేది. సోమవారం మళ్ళీ వచ్చాడు. లెక్కల నోటుబుక్కులో చివరి పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. పెన్సిలుతో రెండు వరసలు గుర్తులు దించుకొచ్చాడు. ఒకటి కూడిక గుర్తు. ఒకటి గుడిసె కప్పు లాగా రెండు గీతలు పైన కలిసింది. ఒకటి గుండ్రంగా సున్న, నడుమ చుక్క. ఇంకొకటి అడ్డగీత మీద నిలువుగీత నాటినట్టుంది. ఆదివారం నాడు గుట్ట దగ్గర కూర్చుని దించాడంట.

అది బ్రాహ్మీ. కూడిక గుర్తు 'క', గుడిసె కప్పు 'గ', చుక్క పెట్టిన సున్న 'థ', నాటిన గీత 'న'. ఏళ్ళ తరబడి బ్రాహ్మీ అన్న మాట బోర్డు మీద రాసినవాణ్ణి, సారనాథ్ స్తంభం మీద, సాంచి కటకటాల మీద ఆ అక్షరాలను కళ్ళతో చూసినవాణ్ణి. ఒక పిల్లవాడు వాటిని నా బల్ల మీద పెడితే నేను గుర్తుపట్టలేదు. ఒక్క నిమిషం కూడా చూడలేదు. "లెక్కల పుస్తకం పాడు చేస్తావా?" అని మూసి ఇచ్చేశాను.

వాడు ఆ ఏడు ఇంకెప్పుడూ బల్ల దగ్గరికి రాలేదు. పది పాసయ్యాడని విన్నాను. నాకు బదిలీ అయింది.

జరిగింది ఇదీ. ఎందుకు జరిగిందో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆ శాసనాలకు పండితులు పెట్టిన పేరు ఎర్రగుడి. గుత్తి నుంచి పత్తికొండకు పోయే దారిలో ఆ పేరుతో ఊరుంది. బండలున్న గుట్టను అక్కడివాళ్ళు ఏనకొండ అంటారు. ఏనుగు కొండ అని ఆ పేరుకు అర్థం. జొన్నగిరి పక్కనే. 1929 ప్రాంతంలో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని చూసి లోకానికి చెప్పాడు. అప్పటి నుంచి పుస్తకాల్లో ఎర్రగుడి స్థిరపడింది. మౌర్యుల దక్షిణాది రాజధాని సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం కూడా. అంటే వాడు రాసిన జవాబు నాకు తెలిసిన జవాబుకన్నా దగ్గరిది. నా జవాబు ఊరి పేరు, వాడిది బండలున్న చోటు. ఇది తెలుసుకోవడానికి నేను పెద్ద గ్రంథాలు తిరగెయ్యాల్సిన పని లేదు. మా బడి ముందు ఆగే గుత్తి బస్సు ఎక్కి ఒక్క పూట తిరిగి వస్తే చాలు. సారనాథ్ దాకా పోయినవాణ్ణి ఆ బస్సు ఎక్కలేదు. అంత గొప్పది ఇంత దగ్గర ఉండదని నా లోపల ఎక్కడో గట్టిగా కూర్చుంది. ఉంటే అది గోడ, గేటు, టికెట్టు, గాజు పెట్టె లోపల ఉండాలి. గొర్రెలు కాసేవాళ్ళు దాని నీడన కూర్చుని సద్ది విప్పుకోకూడదు.

2021లో రిటైరయ్యాను. 2023 మే నెలలో పాప, అల్లుడు బెల్జియం రమ్మన్నారు. వాళ్ళు ఉండేది బ్రస్సెల్స్‌లో. అక్కడి నుంచి రైలెక్కితే అరగంటలో ఘెంట్ అనే పాత ఊరు. ఫ్లాండర్స్ ప్రాంతంలో ఒకప్పుడు ఉన్ని బట్టల వ్యాపారంతో వెలిగిన పట్నం. చరిత్ర చూపిస్తే నాన్న ఖుషీ అవుతాడని పాప నన్ను అక్కడికే ముందు తీసుకుపోయింది.

సెయింట్ బావో చర్చిలో హ్యూబర్ట్, యాన్ వాన్ ఐక్ అన్నదమ్ములు వేసిన చిత్రం చూశాను. 1432లో పూర్తయింది. తలుపు రెక్కల్లాగా తెరుచుకునే పెద్ద పలకల మీద నూనె రంగులు. గడ్డిపోచ గడ్డిపోచ విడిగా కనిపించేట్టు వేశారు. ఆ పలకల్లో ఒకటి 1934 ఏప్రిల్లో దొంగలెత్తుకుపోయారు. ఇంతవరకు దొరకలేదు. దాని చోట నకలు పెట్టుకున్నారు. తొంభై ఏళ్ళుగా ఆ ఊరు దాన్ని ఇంకా వెదుకుతూనే ఉందని పాప చెప్పింది. ఇంట్లో పిల్లవాడు తప్పిపోతే వెదికినట్టు.

అది చూసి బయటికొచ్చి ఊరి నడుమ ఉన్న కోటకు పోయాం. గ్రావెన్‌స్టీన్ అంటారు. 1180లో ఆల్సేస్ ఫిలిప్ అనే ప్రభువు కట్టించాడు. తర్వాత కాలంలో అది న్యాయస్థానం అయింది, జైలయింది, పందొమ్మిదో శతాబ్దంలో పత్తి మిల్లు కూడా అయింది. ఆ రాతి గోడల నడుమ కూలీలు నూలు వడికారు. ఆదోని జిన్నింగు మిల్లుల దూది వాసన పీల్చినవాణ్ణి కాబట్టి ఆ సంగతి నన్ను చాలాసేపు పట్టుకుంది. మిల్లు పోయాక కూలగొట్టబోతే ఊరు దాన్ని కొని బాగుచేసుకుంది. 1907లో జనం చూడటానికి తెరిచారు.

లోపల ఒక పెద్ద హాల్లో బడిపిల్లలు నేలమీద కూర్చుని ఉన్నారు. పదకొండు, పన్నెండేళ్ళ వాళ్ళు. ఒక్కొక్కరి తొడమీద అట్ట, అట్టమీద ప్రశ్నల కాగితం. వాళ్ళ టీచరమ్మ నడుమ నిలబడి ఏదో చదువుతోంది. ఒక పిల్ల చెయ్యి ఎత్తింది. టీచరమ్మ కాగితం చూసుకుని తల అడ్డంగా ఊపింది. అది వాళ్ళ కాగితంలో ఉన్న జవాబు కాదేమో. ఆ పిల్ల ఊరుకోకుండా కిటికీ పక్క గోడ వైపు వేలు చూపించింది. పాపకు కొద్దిగా డచ్ వచ్చు. "అక్కడేదో ఉంది, నేను చూశాను అంటోంది నాన్నా" అంది.

టీచరమ్మ చేతిలో కాగితాలు నేలమీద పెట్టింది. ఆ పిల్ల వెంట గోడ దగ్గరికి నడిచింది. ఇద్దరూ వంగారు. రాతిలో ఏదో గుర్తు, ఎవరో గీసిందో, రాయి తొలిచినవాడు వదిలిందో నాకు కనపడలేదు. టీచరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూసింది. లేచి మిగతా పిల్లలందరినీ పిలిచింది. అందరూ లేచి ఆ గోడ దగ్గరికి పోయారు.

ఏడెనిమిది అడుగుల దూరం. ఆ పిల్ల వెంట ఆమె నడిచింది అంతే.

నాకు కూడిక గుర్తు, గుడిసె కప్పు, చుక్క పెట్టిన సున్న కళ్ళముందుకు వచ్చాయి. లెక్కల నోటుబుక్కు గళ్ళ కాగితంతో సహా వచ్చాయి. "ఏం నాన్నా, నీరసంగా ఉందా?" అని పాప అడిగితే, అవునమ్మా, కాసేపు కూర్చుంటానన్నాను.

ఆ రాత్రి పాప కంప్యూటరు ముందు కూర్చుని ఎర్రగుడి శాసనాల ఫొటోలు వెదికాను. గూగుల్ పటంలో బండలున్న చోటు, దాని పక్కన జొన్నగిరి అన్న అక్షరాలు కనిపించాయి. పటం చూస్తే తెలిసే సంగతి. సోషల్ అయ్యవారిగా పటం చూపించడం నా ఉద్యోగం.

తిరిగి వచ్చాక నేరుగా జొన్నగిరికి పోలేదు. ఇది కూడా ఒప్పుకోవాలి. పోవడానికి ధైర్యం చాల్లేదు. ఆ భయంలో మిగతా చోట్లన్నీ తిరిగాను. కర్నూల్లో ఇన్నేళ్ళు డీఈఓ ఆఫీసు పనులకు పోయినప్పుడల్లా కొండారెడ్డి బురుజు కింద ఆటో ఎక్కేవాణ్ణి. మొదటిసారి తల ఎత్తి నిలబడి చూశాను. హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ సమాధి, గోల్ గుంబజ్, 1618 నాటిది. లోపలికి మొదటిసారి అడుగుపెట్టాను. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా విప్పి తెచ్చి జగన్నాథగట్టు మీద మళ్ళీ నిలబెట్టిన రూపాల సంగమేశ్వరం గుడి మెట్ల మీద ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. కడపలో భగవాన్ మహావీర్ మ్యూజియంలో ఒక్కొక్క శిల్పం ముందు అరగంట నిలబడ్డాను.

మా సొంత ఊరి సంగతి ఇంకా బరువైనది. తెలుగులో మనకు దొరికిన మొదటి శాసనం కలమళ్ళది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనుంజయుడు వేయించింది, సుమారు 575 నాటిది. కలమళ్ళ మా ఎర్రగుంట్ల మండలంలోనే ఉంది. చిన్నప్పుడు మా అవ్వ వెంట తిరునాళ్ళకు అక్కడి చెన్నకేశవస్వామి గుడికి పోయినవాణ్ణే. అంతవరకు రాజులు ఈ సీమలో ప్రాకృతంలోనో సంస్కృతంలోనో రాయించుకున్నారు. ఒక రాజు మొదటిసారి మా మాటల్లో రాయించింది మా ఇంటి పక్కన. డీఎస్సీ రాసే పిల్లలకు ఆ సంవత్సరం బట్టీ పట్టించాను. అరవై రెండేళ్ళ వయసులో పోయి ఆ గుడి ఆవరణలో నిలబడితే, చెప్పులు లేని కాళ్ళకు బండల వేడి తగిలి మా అవ్వ గుర్తొచ్చింది. ఆమెకు చదువు రాదు. ఈ నేలమీద మన మాట మొదటిసారి రాతికెక్కింది అవ్వా అని ఆమెకు నేను చెప్పి ఉండొచ్చు. ఆమె తొంభైల దాకా బతికింది. చెప్పలేదు.

చివరికి జూన్ నెలాఖరులో గుత్తిలో బస్సెక్కాను.

రెండు వానలు పడ్డాయి. దారి పొడుగునా ఎర్రచేలల్లో జనం తలలు వంచుకుని మెల్లగా నడుస్తున్నారు. తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చేలల్లోకి వజ్రాలు వెదకడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వాన మట్టిని కడిగితే మెరిసే రాయి పైకి తేలుతుందని ఆశ. చెట్ల కింద సద్ది మూటలు, నీళ్ళ క్యాన్లు. ఒక ముసలమ్మ కూర్చున్న చోటు నుంచే చేతికర్రతో మట్టి కదిలిస్తోంది.

టీ అంగట్లో వాని పేరు చెప్పి అడిగాను. అంగడాయన ఫోను చేశాడు. పావుగంటలో మోటారుసైకిలు మీద వచ్చాడు. యాభైకి దగ్గర పడిన మనిషి, నుదురు మీద జుట్టు తెల్లబడింది. నన్ను చూసి బండి స్టాండు వెయ్యడం కూడా మరిచి, ఒక చేత్తో దాన్ని పట్టుకునే ఇంకో చెయ్యి ఛాతీకి అడ్డంగా మడిచాడు. ఆ చెయ్యి చూసి నేను పోల్చుకున్నాను.

"సార్, మీరు ఈడికెందుకు వచ్చినారు సార్?"

"ఏనకొండ చూడాలని వచ్చినాను నాయనా. నువ్వు చూపించు" అన్నాను.

గుట్ట మరీ పెద్దది కాదు. చుట్టూ కంపచెట్లు, ఎర్రమన్ను, గుండ్లు గుండ్లుగా నల్లటి బండలు. కేంద్ర పురావస్తు శాఖ బోర్డు ఉంది. వాడు ముందు నడిచాడు, నేను వెనక. ఒక గుండు పక్కకు తీసుకుపోయి, "ఈ ఎండకు కనపడవు సార్, ఈ పక్క నుంచి చూడల్ల" అని నన్ను వంగమన్నాడు. వంగితే అక్షరాలు లేచి వచ్చాయి. లోతు లేని గీతలు. అటు ఇటు పొరలు లేచిపోయిన చోట్ల అక్షరం సగంలో ఆగిపోయింది. కూడిక గుర్తు. దాని తర్వాత గుడిసె కప్పు. రెండువేల రెండు వందల ఏళ్ళ కిందటి ఉలి దెబ్బలు. పెన్సిలుతో దించిన ఆ రెండు వరసల్లో ఒక్క వంకర కూడా తప్పు లేదని నాకు అక్కడ తెలిసింది.

ఈ గుట్ట మీద అశోకుడి పదునాలుగు శిలాశాసనాలూ ఉన్నాయి. వాటితో పాటు రెండు చిన్న శాసనాలు కూడా ఉన్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని, మూలికలు లేని చోట తెప్పించి నాటించానని, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించానని రెండో శాసనం చెబుతుంది. ఆ మాట నాకు నోటికి వచ్చు. కానీ బోర్లు ఎండిపోయిన ఆ చేలను చుట్టూ పెట్టుకుని, చెమట తుడుచుకుంటూ తలుచుకుంటే దాని అర్థం వేరుగా ఉంది. ఈ రాళ్ళ మధ్య నీడ కోసం ఎవరు నిలబడతారో తెలిసిన మనిషి రాయించినట్టు ఉంది.

నేను అచ్చు వేయించుకుని తెచ్చుకున్న కాగితాలు తీశాను. చిన్న శాసనం అర్థం అందులో ఉంది. రజ్జుకుడనే అధికారి భేరి కొట్టించి పల్లె జనానికి చాటించాలి. తల్లిదండ్రుల మాట వినండి, పెద్దల మాట వినండి, ప్రాణుల మీద దయ ఉంచండి, సత్యం చెప్పండి. ఆ తర్వాత ఏనుగులెక్కేవాళ్ళకు, రాతపని చేసే కరణకులకు, రథాలు తోలేవాళ్ళకు, బ్రాహ్మణులకు ప్రత్యేకంగా ఆజ్ఞ ఉంది. మీ మీ శిష్యులకు పాతకాలపు పద్ధతి తప్పకుండా నేర్పండి అని. శిష్యుడు గురువును గౌరవించాలన్నది కూడా ఉంది. అదంతా వానికి చెబుతూ పోయినవాణ్ణి, శిష్యుల మాట దగ్గరికి వచ్చేసరికి ముందుకు పోలేకపోయాను. గొంతు పట్టేసింది.

"నీ పరీక్ష పేపరు మీద ఈ జవాబు నేను కొట్టేశాను. గుర్తుందా?" అన్నాను.

"ఉంది సార్."

"అది రైటు. నువ్వు రాసింది రైటు. తప్పు నాది."

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. కాలికింద చిన్న రాయి ఒకటి తీసి పక్కకు వేశాడు. మెల్లగా చెప్పాడు.

"ఆ పొద్దు ఇంటికి పోయి మా జేజినాయనతో కొట్లాడినా సార్. నీకేం తెలుసు, సదువు రానోనివి, సార్‌కు తెలుసు అన్నా. ఆయప్ప ఏమీ అనలే. మళ్ళ నన్నెప్పుడూ ఈ గుట్ట కాడికి పిల్చుకోని రాలే. నాలుగేండ్లకు పొయినాడు. తర్వాత పెద్దపెద్ద సదువులోళ్ళు కార్లలో వచ్చి ఇవి అశోకునివే అన్న్యాక ఆయప్ప సమాధి కాడికి పోయి చెప్పొచ్చినా."

అర మార్కు నేను వాని దగ్గర తీసుకున్నాననుకుని వచ్చాను. ఆ ముసలాయన నుంచి తీసుకున్నది నాకు అంతవరకు తెలియదు. ఆయన గొంగడి, ఆఫీసు గది బయట ఎండలో నిలబడిన తీరు గుర్తొచ్చాయి. ఎవరి దగ్గర విన్నాడో, ఎట్లా నిలుపుకున్నాడో, సరైన మాటను మనవని చేతిలో పెట్టాడు. దాన్ని నేను వాని చేతనే విసిరేయించాను. దీనికి క్షమాపణ చెప్పుకోవడానికి మనిషి లేడు. వాని చెయ్యి పట్టుకుని ఏడ్చాను. "ఊరుకోండి సార్, మీరు ఏడ్చొద్దు సార్" అంటూ వాడు చుట్టూ చూశాడు, ఎవరైనా వింటున్నారేమోనని.

కొంచెంసేపటికి నీళ్ళ సీసా ఇచ్చాడు. తాగాను. పొద్దు వాలింది. ఏటవాలు ఎండకు అక్షరాలు ఇంకా తేటగా కనిపించసాగాయి. కాగితంలో అక్షరాల పట్టిక చూసుకుంటూ, రాయికి జానెడు ఎడంగా వేలు పెట్టి, ఒక వరస పోల్చుకోవడానికి మొదలుపెట్టాను. ఎడమ నుంచి కుడికి. మొదటి వరస కొంత కుదిరింది. రెండో వరసలో ఒక్క మాట కూడా కుదరలేదు. మళ్ళీ మొదటి నుంచి చూశాను. కుదరలేదు.

"అట్ల గాదు సార్" అన్నాడు వాడు.

నా మణికట్టు పట్టుకుని, వేలిని మెల్లగా వరస చివరిదాకా, కుడి పక్కకు తీసుకుపోయి అక్కడ నిలిపాడు.

"మడక తిప్పినట్ల రాసినాడు సార్. పై సాలు ఆడికి పోయి, ఈడ మళ్ళుకుంటాది. ఈ సాలు ఈడ మొదలు."